తవుడు చేసిన వైద్యం

1889 జూలై 10. జావా దీవిలో డచ్చివారి పాలనాకేంద్రం బటేవియా, ఇప్పటి జకార్తా. అక్కడి సైనిక ఆసుపత్రి ఆవరణలో ప్రయోగశాల కోళ్లకు ఆ రోజు నడక మారింది.

అడుగు వేస్తే తడబాటు. రాత్రి పడుకునే కర్ర మీదికి ఎగరబోయి జారి కింద పడటం. కొద్దిరోజుల్లోనే కాళ్లు మడిచి కూలబడిపోయాయి. ముందు పోసిన మేతను పొడవబోతే తల గురి తప్పుతోంది. మింగింది కిందికి దిగక మేతసంచిలోనే నిలిచిపోతోంది. ఆ తర్వాత పక్కకు ఒరిగిపోవడం. కాళ్లలో మొదలైన పక్షవాతం పైకి పాకుతుంది, తలమీది తురాయి నీలం తిరుగుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఇక లేవవు.

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే ఏ ఇల్లాలికైనా ఇలాంటి ఉదయం తెలుసు. నిన్న సాయంత్రం దాకా తల్లి వెంట పరుగులు తీసిన పిల్ల, పొద్దున గంప ఎత్తేసరికి కాళ్లు చాపేసి ఉంటుంది. తల్లికోడి కొక్కొక్కోమని పిలుస్తుంటే మిగతావి పరుగెత్తుతాయి, అది మాత్రం తల వెనక్కి వాల్చి అక్కడే ఉంటుంది. తెగులు తగిలిందంటాం. పక్కింటి కోళ్ల నుంచి వచ్చిందంటాం. మిగిలిన పిల్లలను వేరే గంప కిందికి మారుస్తాం.

బటేవియాలో ఆ కోళ్ల ముందు నిలబడ్డ డాక్టరు చేసింది కూడా అదే. ఆయన పేరు క్రిస్టియాన్ ఐక్‌మన్. అప్పటికి ముప్ఫై ఏళ్లు, వచ్చే నెల ముప్ఫై ఒకటి నిండుతాయి. హాలెండులో వైద్యం చదివి, 1883లో సైన్యం డాక్టరుగా ఈ దీవులకు వచ్చాడు. మలేరియా పట్టుకుని 1885లో ఇంటిదారి పట్టాడు. మరుసటి ఏడాదే భార్య చనిపోయింది. ఆ దుఃఖపు ఏడాదిలోనే బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ దగ్గర సూక్ష్మజీవుల విద్య నేర్చుకున్నాడు. క్షయకూ కలరాకూ కారణమైన క్రిములను కాక్ పట్టి చూపించిన కాలం అది. ప్రతి రోగం వెనకా ఒక క్రిమి ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని యూరప్ వైద్యలోకం గట్టిగా నమ్ముతున్న రోజులు.

అప్పుడే డచ్చి ప్రభుత్వం పెకెల్‌హారింగ్, వింక్లర్ అనే ఇద్దరు వైద్యులను బెరిబెరి కారణం కనిపెట్టి రమ్మని జావాకు పంపింది. 1886లో వారికి సాయంగా ఐక్‌మన్ మళ్లీ ఓడ ఎక్కాడు.

బెరిబెరి అప్పట్లో ఆ దీవులను వణికిస్తోంది. బలంగా ఉన్న సైనికుడికి కాళ్లలో తిమ్మిరి మొదలవుతుంది. కొందరికి కండలు కరిగి కాళ్లు చచ్చుబడతాయి. మరికొందరికి ఒళ్లంతా నీరు పట్టి, గుండె ఆగిపోతుంది. ఆ దీవుల్లోనే డచ్చివారు చేస్తున్న ఆచే యుద్ధానికి వెళ్లిన దళాల్లో, ఓడల్లో, జైళ్లలో, అంటే మనుషులను గుంపుగా కూర్చోబెట్టి ఒకే వంటశాల నుంచి అన్నం పెట్టే ప్రతిచోటా అది ఉండేది. గుంపులో పాకుతోంది కనుక అంటురోగమే అనుకున్నారు. పెకెల్‌హారింగ్, వింక్లర్ రోగుల రక్తంలో ఒక క్రిమిని చూశామని చెప్పి 1887లో వెళ్లిపోయారు. మిగిలిన పని ఐక్‌మన్ చేతిలో పడింది. తాత్కాలికంగా పెట్టిన ప్రయోగశాలను 1888లో శాశ్వతం చేసి ఆయననే అధిపతిని చేశారు.

క్రిమి ఇదేనని తేల్చాలంటే దాన్ని ఆరోగ్యంగా ఉన్న ప్రాణికి ఎక్కించి రోగం తెప్పించి చూపాలి. పెద్ద జంతువులతో ఖర్చు ఎక్కువ. కోళ్లు చవక, కొద్ది చోటులో సర్దుకుంటాయి. అలా కోళ్లు వచ్చాయి. కొన్నింటికి రోగుల నుంచి తీసినది సూదితో ఎక్కించారు. పోల్చి చూడటానికి కొన్నింటిని ఏమీ చేయకుండా వదిలేశారు.

జూలైలో ఆ రెండు గుంపులూ కూలబడ్డాయి.

ఈ ఘట్టం దగ్గర ఆగి ఆయన వైపు నుంచి ఆలోచించాలనిపిస్తుంది. సూది వేసిన కోళ్లకు జబ్బు రావడం ఆయన ఊహించిందే. సూది వేయని వాటికీ వచ్చింది. అంటురోగమని నమ్మిన మనిషికి అందులో తప్పేమీ కనిపించదు. గూళ్లు పక్కపక్కనే ఉన్నాయి కదా, పాకి ఉంటుంది. కొత్త కోళ్లను తెప్పించి విడివిడిగా ఉంచాడు. వాటికీ వచ్చింది. చోటంతా క్రిమి నిండిపోయిందేమోనని వాటిని దూరంగా మరో చోటికి మార్పించాడు. చనిపోయిన కోళ్ల నరాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, బెరిబెరితో పోయిన మనుషుల నరాల్లాగే అవీ చెడిపోయి ఉన్నాయి. అంటే దారి సరైనదే, రోగం ఇదే. క్రిమి ఒక్కటే చేతికి చిక్కడం లేదు.

నవంబరు ఆఖరి రోజుల్లో ఆ జబ్బు దానంతట అదే ఆగిపోయింది. కొత్తగా ఏ కోడీ పడలేదు. పడిన వాటిలో బతికున్నవి లేచి తిరగడం మొదలుపెట్టాయి. మనమైతే హమ్మయ్య అనుకుంటాం. ఆయనకు మాత్రం చేతిలో ఉన్న పరిశోధన జారిపోయింది. ఇన్ని నెలలు తాను చేసిన ఏ చికిత్సకూ లొంగనిది, తానేమీ చేయకుండానే ఎలా పోయింది?

ఇక్కడ ఐక్‌మన్ చేసిన పని నాకు ఆయన సూక్ష్మదర్శిని కన్నా గొప్పదనిపిస్తుంది. కోళ్లకు రోజూ మేత వేసే పనివాడిని పిలిచి అడిగాడు. ఆ మాటలు ఎలా నడిచాయో మనం ఊహించుకోవలసిందే, కానీ వాటి సారాన్ని ఐక్‌మనే తర్వాత లోకానికి చెప్పాడు. కోళ్లకు కొనే మేత ఖర్చు కలిసొస్తుందని ఆ పనివాడు జూన్ నడిమి నుంచి ఆసుపత్రి వంటశాలలో మిగిలిన అన్నం తెచ్చి వేస్తున్నాడు. మర పట్టి తెల్లగా పాలిష్ చేసిన బియ్యంతో వండిన అన్నం అది. నవంబరు చివర్లో పాత వంటవాడు మారి కొత్తవాడు వచ్చాడు. అతడు ససేమిరా అన్నాడు. సైన్యం బియ్యం సైన్యానికే, బయటి కోళ్లకు పెట్టడానికి వీల్లేదన్నాడు. పనివాడు చేసేది లేక మళ్లీ పొట్టు పోని ముడి బియ్యం వేయడం మొదలెట్టాడు.

తెల్ల అన్నం మొదలైన మూడు నాలుగు వారాలకు జబ్బు మొదలైంది. తెల్ల అన్నం ఆగగానే జబ్బూ ఆగింది.

ఆ వంటవాడు నియమం కోసం పట్టుబట్టాడు. ఆ పనివాడు నాలుగు డబ్బులు మిగల్చాలని చూశాడు. ఇద్దరికీ బెరిబెరి సంగతి పట్టలేదు. అయినా అక్కడ జరిగినంత చక్కని ప్రయోగాన్ని ఐక్‌మన్ కావాలని చేసి ఉండలేడు. పనివాడు చెప్పింది విని, ఇంత చిన్న సంగతి అని తోసిపుచ్చే డాక్టర్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు, ఈ రోజుల్లోనూ ఉన్నారు. ఆయన తోసిపుచ్చలేదు. ఆ మర్నాటి నుంచి ఆయన ప్రయోగాలన్నీ మేత గిన్నె చుట్టూ తిరిగాయి.

తప్పు వండటంలో ఉందేమోనని పాలిష్ బియ్యాన్ని వండకుండానే వేశాడు. జబ్బు వచ్చింది. బియ్యం ముక్కిపోయాయేమోనని చూశాడు. అప్పుడే పట్టిన తాజా తెల్ల బియ్యంతోనూ వచ్చింది. కోళ్లు సరిగ్గా తినక నీరసించాయేమోనని నోట్లో మేత కుక్కించి చూశాడు. కడుపు నిండినా కాళ్లు పడిపోయాయి. బియ్యం మాని సగ్గుబియ్యం లాంటి ఉత్త పిండిపదార్థాలు పెట్టాడు. వాటితోనూ అదే గతి. పొట్టు మాత్రమే తీసి, గింజను అంటిపెట్టుకున్న సన్నని ఎర్రటి పొర ఉంచేసిన బియ్యం పెడితే మాత్రం ఏ కోడికీ ఏమీ కాలేదు.

ఇక మిగిలింది ఆ పొర. మరలో రాలిపోయి తవుడుగా మిగిలేది అదే. కాళ్లు పడిపోయిన కోడికి ఆ తవుడు పెట్టాడు. కోడి లేచింది. మరో కోడికి పెట్టాడు. అదీ లేచింది. ఇంజెక్షన్ల కోసం, క్రిముల కోసం సముద్రాలు దాటివచ్చిన మనిషి చివరకు కోళ్లకు చేసిన వైద్యం గుప్పెడు తవుడు. ఆహారంలో లోపించిన పదార్థాన్ని తిరిగి ఇచ్చి పక్షవాతాన్ని నయం చేయడమే అది.

అయితే ఆయన మాత్రం దాన్ని అలా అర్థం చేసుకోలేదు. తెల్ల బియ్యంలోని పిండి కడుపులో ఏదో విషాన్ని పుట్టిస్తోందని, తవుడులో ఉన్నది ఆ విషానికి విరుగుడని అనుకున్నాడు. విషమో క్రిమో ఏదో ఒకటి లోపలికి రావాలి గాని, ఏదో లేకపోవడం వల్ల ప్రాణం పోతుందనే ఊహ అప్పటి వైద్యుల్లో చాలామందికి అందలేదు. అందుకు ఆయన్ని తప్పుపట్టబుద్ధి కాదు. నయం చేసే దారి కనిపెట్టాడు, దాన్ని అందరికీ చెప్పాడు.

కోళ్ల మాట మనుషులకు వర్తిస్తుందా అని వైద్యులు పెదవి విరిచారు. జావా ఆరోగ్య తనిఖీ అధికారి అడాల్ఫ్ వోర్డర్‌మన్ మాత్రం ఐక్‌మన్ మాట విని 1895-96లో జైళ్ల వెంట పడ్డాడు. 101 జైళ్లు, దాదాపు 2,80,000 మంది ఖైదీలు. ఏ జైలులో ఏ బియ్యం వండుతున్నారో, ఎక్కడ బెరిబెరి ఉందో రాసుకున్నాడు. తెల్ల బియ్యం వండే 51 జైళ్లలో 36 చోట్ల బెరిబెరి ఉంది. ముడి బియ్యం వండే 37 జైళ్లలో ఒకే ఒక్క చోట ఉంది. రెండూ కలిపి వండే 13లో ఆరింట కనిపించింది. ఆరోగ్యం పాడై ఐక్‌మన్ 1896లో స్వదేశం వెళ్లిపోయాడు.

ఆయన వదిలిన ప్రయోగశాలలో గెరిట్ గ్రైన్స్ అనే వైద్యుడు కోళ్లతో ఆ పని కొనసాగించాడు. తవుడే కాక పెసలు పెట్టినా కాళ్లు పడిన కోళ్లు లేస్తున్నాయని చూశాడు. జావా వారు కచాంగ్ హిజావు అని పిలిచేది మన పచ్చపెసలే. విషానికి విరుగుడు తవుడులోనూ పెసల్లోనూ ఒకేలా ఎందుకుంటుంది? విషమే లేదు, నరాలు బతకడానికి అవసరమైన పదార్థమొకటి ఈ రెండింటిలోనూ ఉంది, తెల్ల బియ్యంలో లేదు. 1901లో గ్రైన్స్ ఈ మాట రాశాడు. విటమిన్ అన్న పేరు పుట్టడానికి ఇంకా పదేళ్లుంది. 1929లో నోబెల్ బహుమతి ఐక్‌మన్‌కూ, ఇంగ్లండుకు చెందిన హాప్‌కిన్స్‌కూ ఇచ్చారు. గ్రైన్స్‌కు ఇవ్వలేదు. ఇవ్వవలసిందని నేను నమ్ముతాను. ఐక్‌మన్ అప్పటికే మంచాన ఉన్నాడు, బహుమతికి స్వయంగా వెళ్లలేకపోయాడు. మరుసటి ఏడాది నవంబరులో కన్నుమూశాడు.

ఆ పదార్థాన్ని 1926లో అదే బటేవియా ప్రయోగశాలలో యాన్సెన్, డోనాట్ అనే ఇద్దరు తవుడు నుంచి స్ఫటికాలుగా విడదీశారు. బస్తాల కొద్దీ తవుడు వడగడితే చిటికెడు కూడా రాలేదు. దాని నిర్మాణాన్ని తేల్చి, 1936లో ప్రయోగశాలలోనే తయారుచేసి చూపినవాడు రాబర్ట్ విలియమ్స్. మన నెల్లూరులో 1886లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీల ఇంట పుట్టాడు. ఐక్‌మన్ రెండోసారి జావా ఓడ ఎక్కిన సంవత్సరం అది. 1910లో మనీలాలో ఎడ్వర్డ్ వెడ్డర్ అనే సైనిక వైద్యుడు ఈ కుర్ర రసాయన శాస్త్రవేత్త చేతికి తవుడు కషాయం అందించి, ఇందులో ఏముందో తేల్చమన్నాడు. తర్వాత టెలిఫోను కంపెనీ పరిశోధనశాలలో ఉద్యోగం చేస్తూ కూడా విలియమ్స్ ఆ పనిని వదల్లేదు. అదే విటమిన్ బి1, థయమిన్.

నెల్లూరు పేరు వచ్చింది కనుక తీరమంతా చెప్పుకోవాలి. ఇండియాలో బెరిబెరి పాతుకుపోయిన ప్రాంతం ఏదంటే వైద్యగ్రంథాలు ఉత్తర సర్కారులనే చూపించాయి. గంజాం నుంచి విశాఖ, గోదావరి, కృష్ణా, గుంటూరు దాకా ఉన్న మన నేల. మద్రాసు సర్కారు వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే బెరిబెరి మీద రాసిన పుస్తకంలో ఈ తీరపు రోగుల గురించి చెప్పాడు. దక్షిణాన తమిళ, మలయాళ ప్రాంతాల్లో వడ్లను ఉడకబెట్టి ఎండబెట్టి దంచే ఉప్పుడు బియ్యం తినేవారు. ఉడికించినప్పుడు పైపొరలోని థయమిన్ కొంత గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత మర పట్టినా పూర్తిగా పోదు. మనవాళ్లు తిన్నది పచ్చి బియ్యం. రోకలి కింద దంచుకున్నంత కాలం పైపొర కొంత మిగిలేది. మరలు వచ్చి అన్నం మల్లెపూవులా తెల్లబడ్డాక అదీ పోయింది. మిగిలిన కాస్తా కడుగునీళ్లలో, వార్చిన గంజిలో పోయేది. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో ఐక్రాయిడ్ బృందం 1940లో వెలువరించిన నివేదికలో ఇదంతా వివరంగా ఉంది. మన ఇళ్లలో తవుడు, కుడితి, గంజి తాగిన గేదెలకు థయమిన్ అందింది. తెల్లన్నం తిన్న తల్లికి అందలేదు.

ఇప్పుడు మన పెరటి పిల్లల దగ్గరికి వద్దాం. మట్టి గోకుతూ చెదలు, పురుగులు, గడ్డి ఏరుకు తినే పిల్లలకు ఈ లోపం దాదాపు రాదు. గంప కిందో, పెట్టెలోనో మూసి ఉంచి ఉత్త తెల్ల నూకలు, మిగిలిన అన్నమే పెట్టినప్పుడు వస్తుంది. పెద్ద కోడికి మూడు వారాలు పడితే, పసిపిల్లకు రెండు వారాలు కూడా పట్టదు, ఉన్నట్టుండి పడిపోతుంది. పిల్ల పిక్కల మీద కూర్చుని, తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తున్నట్టుంటే అనుమానించాలి. మేతలో విటమిన్ కలిపి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే ఆ పిల్ల మేత ముట్టదు. పశువైద్యుడు చెప్పిన మోతాదులో నోట్లో చుక్కలుగా వేయాలి, లేదా సూదితో ఇప్పించాలి. కారణం ఇదే అయితే గంటల్లో తేడా కనిపిస్తుంది. కనిపించకపోతే కారణం వేరే.

వేరే కారణాలు ఉంటాయి, వాటిని కలగాపులగం చేస్తే పిల్లలు దక్కవు. మెడ మెలితిరిగి, నోరు తెరిచి ఊపిరి తీస్తూ, పచ్చగా పారుతుంటే అది కొక్కెర తెగులు, రాణిఖేత్. దానికి మందు లేదు. పిల్లకు 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, 8 వారాలకు ఆర్2బి టీకా వేయించడమే దారి. కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి పిల్ల పిక్కల మీద నడుస్తుంటే బి2 లోపాన్ని అనుమానించాలి. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు రెక్కలు వాల్చి, ఈకలు ఉబ్బించి, మూలన ముడుచుకుని రక్తంతో విరేచనం చేస్తే అది రక్తపారుడు, కాక్సిడియోసిస్. ఐమీరియా అనే పరాన్నజీవి పేగు గోడను తొలిచేస్తుంది. రెట్టలో బయటపడిన దాని గుడ్లు తడి నేలలో, నీళ్ల గిన్నె ఒలికిన చోట, ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ అంటుకునే దశకు వస్తాయి. అందుకే వానాకాలంలో ఇది ఎక్కువ, అందుకే పరుపు పొట్టును పొడిగా ఉంచాలి.

రక్తపారుడుకు పశువుల మందుల దుకాణంలో దొరికే అంప్రోలియం పొడి కథ మళ్లీ బటేవియాకే తీసుకుపోతుంది. విలియమ్స్‌తో కలిసి బి1 తయారీకి దిగిన మెర్క్ కంపెనీయే 1960లో ఈ మందును తెచ్చింది. అంప్రోలియం అణువు చూడటానికి థయమిన్‌లా ఉంటుంది. ఐమీరియాకూ బతకడానికి థయమిన్ కావాలి. పరాన్నజీవి ఈ చెల్లని నాణేన్ని అసలుదనుకుని తీసుకుంటుంది, అసలు విటమిన్ అందక చస్తుంది. ఐక్‌మన్ కోళ్లను కూల్చిన ఆకలినే ఇప్పుడు కోడిపిల్లను తినే జీవి మీదికి మళ్లించారన్నమాట. పిల్ల థయమిన్ మీద ఈ మందు ప్రభావం చాలా తక్కువ, కానీ అసలే లేకపోలేదు. మోతాదు మించినా, చెప్పిన రోజులు దాటి పోస్తూపోయినా పిల్లకే బి1 లోపం వచ్చి కాళ్లు పడతాయి.

జబ్బు పిల్ల మేత మానేసినా నీళ్లు తాగుతుంది కనుక ఈ మందును నీళ్లలోనే కలపాలి. ఆ రోజుల్లో వేరే నీళ్ల గిన్నె వాటికి అందకుండా చూడాలి. పిల్లలు నీరసంగా ఉన్నాయని జాలిపడి బి-కాంప్లెక్స్ సిరప్పును అదే నీళ్లలో కలిపేవారు చాలామంది ఉంటారు. ఆ సిరప్పులోని అసలు థయమిన్ ఐమీరియాకూ అందుతుంది, మందు పని చెడుతుంది. పశువైద్యుడు చెప్పినన్నాళ్లూ అంప్రోలియం ఒక్కటే పోసి, ఆ రోజులు ముగిశాక గిన్నె కడిగి, అప్పుడు విటమిన్ నీళ్లు పెట్టాలి. మేతలోకి నూకలతోపాటు గుప్పెడు తవుడు, నానబెట్టి దంచిన పెసలు కూడా అప్పుడే మొదలుపెట్టవచ్చు.